62 ప్రశ్నలు, ఒక ఇంటిపేరు

రాజకీయ సిద్ధాంతాల వర్గీకరణ అనే గంభీరమైన శాస్త్రానికి తెలుగువాళ్ల తరఫున చెప్పుకోదగ్గ సేవ ఏమీ జరగలేదు కాబట్టి ఆ లోటు తీర్చే బాధ్యత మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేనే నెత్తికెత్తుకున్నా. పరిశోధన జరిగిన స్థలం పొన్నూరు దగ్గర మా బాబాయి వాళ్ల వరండా. శాంపిల్ సైజు ఒక బాబాయి. పిన్ని కూడా ఉంది గానీ ఆవిడ వాకిట్లో ముగ్గేస్తూ మధ్యమధ్యలో మాటలు విసురుతోంది కాబట్టి ఆవిడని పరిశీలకురాలి కింద రాసుకున్నా.

పరికరం పేరు పొలిటికల్ కంపాస్. 2001 నుంచీ ఇంటర్నెట్లో ఉంది. 62 వాక్యాలిస్తుంది, ఒక్కోదానికి గట్టిగా ఒప్పుకుంటా, ఒప్పుకుంటా, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను అని నాలుగే జవాబులు, అన్నీ నొక్కాక నాలుగు గళ్ల పటం మీద నీ చుక్క ఇక్కడ అని చూపిస్తుంది. అడ్డగీత డబ్బు సంగతి, ఎడమ చివర సర్కారే చూసుకోవాలి అనేవాళ్లు, కుడి చివర మార్కెట్టే చూసుకుంటుందిలే అనేవాళ్లు. నిలువుగీత పెత్తనం సంగతి, పైన చెప్పింది చెయ్ అనేవాళ్లు, కింద నా ఇష్టం నీకెందుకు అనేవాళ్లు. ఇలాంటివి అంతకుముందూ ఉన్నాయి. 1950ల్లో బ్రిటన్లో హాన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్టు లెఫ్టు రైటు గీతకి తోడు మెత్తమనసు, గట్టిమనసు అని ఇంకో గీత గీశాడు. 1969లో అమెరికాలో డేవిడ్ నోలన్ గీసిన పటంలో ఒక గీత ఆర్థిక స్వేచ్ఛ, ఇంకోటి వ్యక్తిగత స్వేచ్ఛ, రెండిట్లోనూ ఫుల్ మార్కులొచ్చిన పైన కుడి మూల లిబర్టేరియన్లది, అంటే సర్కారు ఎందులోనూ వేలు పెట్టకూడదు అనేవాళ్లది. తర్వాత లిబర్టేరియన్ పార్టీ పెట్టినవాళ్లలో ఈయనా ఒకడు. పటం గీసినోడు తన ఇల్లు ఈశాన్యంలోనే పెట్టుకుంటాడు, అందులో తప్పేముంది.

సరే, ప్రశ్నలు. ప్రపంచీకరణ ఎలాగూ తప్పదనుకుంటే అది బహుళజాతి కంపెనీల లాభం కన్నా మానవాళి మేలుకే ఎక్కువ పనికిరావాలి, ఒప్పుకుంటావా అని తెలుగులో చెప్పి వినిపించా. బాబాయి కాసేపు ఆలోచించి "మనోడు డల్లాస్‌లో ఆ కంపెనీలోనేగా చేసేది, వాడు మానవాళి కాదా?" అన్నాడు. రెండువైపులా ఒప్పుకున్నట్టు నొక్కే వీలు లేదు కాబట్టి ఒప్పుకుంటా అని నొక్కా.

భూమి అనేది కొనుక్కునే అమ్ముకునే సరుకు కాకూడదు అనే వాక్యం వచ్చింది. బాబాయి ఫోన్ వంక చూసి, నా వంక చూసి, కండువా సర్దుకుని "ఎవడ్రా ఈ మాటన్నది?" అన్నాడు.

"ఎవరూ అన్లేదు బాబాయ్, నువ్వు ఒప్పుకుంటావా లేదా అంతే."

"ఎవరన్నారో తెలీకుండా ఎట్టా ఒప్పుకునేదిరా? మనోళ్లంటే ఏదో పేదోళ్లకి పంచుతారనుకుంటాం, అవతలోళ్లంటే మన చేలో రాళ్లు పాతడానికొచ్చారని."

ఇక్కడ నేను పెన్ను కింద పెట్టి కాసేపు ఆలోచించాల్సొచ్చింది, ఎందుకంటే ఐసెంకూ నోలనూ ఇద్దరూ వదిలేసిన గీత ఇదే. మాట ఏంటన్నది కాదు, ఎవరన్నారన్నది. పటానికి ఇది మూడో గీత, పొడవు మిగతా రెండిట్నీ కలిపినా చాలదు.

మంచినీళ్లని కూడా బాటిల్లో పోసి బ్రాండు వేసి అమ్ముకోవడం సమాజానికి సిగ్గుచేటు అనేదానికి బాబాయి గట్టిగా ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూనే ఇరవై లీటర్ల క్యాన్లోంచి గ్లాసుడు పట్టుకున్నాడు. అదేంటి అంటే ఇది బ్రాండ్ కాదు, వీధి చివర ప్లాంటుది అన్నాడు. జ్యోతిష్యం చాలా విషయాలు కరెక్టుగా చెప్తుంది అనేదానికి "చాలా ఏంట్రా, అన్నీ" అన్నాడు. దీనివల్ల చుక్క పైకి పోతుందని నా అనుమానం, కానీ నామినేషన్ వేసేవాడు ఏ పార్టీవాడైనా రాహుకాలం చూసుకునే గుమ్మం దాటతాడు కదా, ఆ లెక్కన మన పార్టీలన్నీ పైనే ఉండాలి, కమ్యూనిస్టులు కూడా ఆ టైం దాటాకే వస్తారు, ట్రాఫిక్ అంటారంతే. మంచి తల్లిదండ్రులు అప్పుడప్పుడూ పిల్లల్ని రెండు పీకాల్సొస్తుంది అన్నప్పుడు మాత్రం బాబాయి నా వైపు చాలా ప్రేమగా చూశాడు.

సగం ప్రశ్నలకి ఆయన అసలు జవాబు "చూద్దాం". ఆ బటన్ లేదు. తెలుగువాళ్లలో అతి పెద్ద సిద్ధాంతానికి పటంలో గడి లేకపోవడం చిన్న లోపం కాదు.

చివరికి చుక్క పడింది. మధ్యకి కొంచెం ఎడమగా, కొంచెం పైకి. ఎడమ అంటే లెఫ్టు అని చెప్పగానే బాబాయి మొహం మాడిపోయింది. పొన్నూరు ప్రాంతం వాడాయె, పక్కనే నిడుబ్రోలు, అక్కడి రంగా గారే కదా 1959లో సహకార వ్యవసాయం వద్దు, రైతు భూమి రైతుదే అని రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి మొదటి అధ్యక్షుడైంది. దేశంలో అసలు సిసలు మార్కెట్ రైటు పార్టీ అంటే అదొక్కటే. తర్వాత అదే రంగా గారు గుంటూరు నుంచి గెలిచింది కాంగ్రెస్ ఎంపీగా అనుకోండి, అది వేరే విషయం. నిజానికి బాబాయి బాధపడాల్సిన పనిలేదు, చట్టం ప్రకారం ఈ దేశంలో అందరూ లెఫ్టే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద పార్టీ రిజిస్టర్ చేయించుకోవాలంటే సోషలిజానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి, 1989 నుంచీ ఇదే రూలు. షేర్ మార్కెట్ పార్టీ అని పేరు పెట్టుకున్నా రాసివ్వాల్సిందే. బీజేపీ అయితే 1980లో పుట్టినప్పుడే గాంధేయ సోషలిజం అంది.

మరి రైటు ఎక్కడుంది అంటే స్పీకర్ పక్కన ఉంది. ఈ లెఫ్టు రైటు గోలంతా 1789లో ఫ్రాన్సులో మొదలైంది, రాజుకి వీటో, అంటే సభ చేసిన చట్టాన్ని ఆపే అధికారం, ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడికి కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు కూర్చున్నారు, ఆ కుర్చీల లెక్కే ఇప్పటికీ మనం మోస్తున్నాం. మన లోక్‌సభలోనూ స్పీకర్‌కి కుడివైపు అధికారపక్షం, ఎడమవైపు ప్రతిపక్షం. అంటే గెలిచినోడు రైటు, ఓడినోడు లెఫ్టు, ఇంతకంటే క్లారిటీ ఉన్న సిద్ధాంతం నాకు ఎక్కడా కనపడలేదు. టీవీలో చూస్తే ఎడమా కుడీ తారుమారవుతాయి గదా అని పిన్ని వాకిట్లోంచి అంది, అది నోట్ చేసుకున్నా.

అసలు చిక్కు చుక్క ఒకచోట నిలబడుతుంది అనుకోవడంలో ఉంది. తెలుగుదేశాన్ని తీసుకోండి, కాంగ్రెస్ వద్దని 1982లో పుట్టిన పార్టీ, 1996లో లెఫ్టుతో కలిసి యునైటెడ్ ఫ్రంటు, 1999లో బీజేపీతో, 2009లో సీపీఐ సీపీఎం టీఆర్ఎస్‌తో మహాకూటమి, 2014లో మళ్లీ బీజేపీ, 2018లో తెలంగాణలో సాక్షాత్తూ కాంగ్రెస్సే, 2024లో మళ్లీ బీజేపీ. టీఆర్ఎస్ 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో. జనసేన 2019లో సీపీఐ, సీపీఎం, బీఎస్పీలతో పోటీ చేసి 2020 జనవరికల్లా బీజేపీ పక్కన కూర్చుంది. కాంగ్రెస్ కదల్లేదుగా అంటారేమో, 1955లో మద్రాసు దగ్గర ఆవడిలో సోషలిస్టు తరహా సమాజం అని తీర్మానం చేసిన పార్టీయే 1991లో మన పీవీ గారి చేత తలుపులు బార్లా తీయించింది. వైసీపీ ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు, అయినా 2022 రాష్ట్రపతి ఎన్నికలో వైసీపీ, తెలుగుదేశం రెండూ ఒకే అభ్యర్థికి ఓటేశాయి, అసెంబ్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లోనే.

యూరప్ వాళ్లకి ఇలాంటివి కనిపిస్తే గుర్రపునాడా అంటారు, రెండు కొసలూ దగ్గరకొస్తాయి అని. మనది నాడా కాదండి. పిన్ని వేస్తున్నది చూసినప్పుడు వెలిగింది. 15 చుక్కలు పెట్టి మధ్యచుక్కతో తగ్గించుకుంటూ వచ్చి పిండి జారుస్తా మెలికలు తిప్పుతోంది. మెలికల ముగ్గులో గీత అన్ని చుక్కల చుట్టూ తిరుగుతుంది, ఒక్క చుక్కనీ ముట్టుకోదు, తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది.

వ్యక్తులకైతే ఇంకా తేలిక, భిన్నాలు వస్తే చాలు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చినప్పుడు మూడింట ఒక వంతు మందికి ఒకేసారి మనసు మారితే అది చీలిక, తప్పుకాదు. 2003లో సవరించి ఆ వెసులుబాటు తీసేశారు, ఇక మూడింట రెండొంతులకి మారితేనే విలీనం. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందికి, అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురికి మనసు మారింది. రెండు చోట్లా లెక్క సరిగ్గా రెండు బై మూడు. అంతరాత్మ ఇంత కరెక్టుగా భాగహారం చేస్తుందని నాకు తెలీదు.

ఇవన్నీ చూశాక నా సొంత పద్ధతి ఒకటి తయారుచేశా. 62 ప్రశ్నలు దండగ, రెండు చాలు. మీదేవూరు, ఇంటిపేరేంటి. రైల్లో ఎదుటి సీటు పెద్దమనిషి తేగని విరుస్తూ ఈ రెండే అడిగి మీ సిద్ధాంతం చెప్పేస్తాడు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఈ పద్ధతిని ప్రకటించేలోపే బాబాయి తన చుక్క ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, అక్కడ అర్ధరాత్రి పూట కూర్చుని వాడూ 62 నొక్కి వాడి చుక్కా పెట్టాడు. వీళ్లిద్దరికీ 2024 జూన్ నుంచీ మాటల్లేవు, వీడియో కాల్‌లో పిన్నితో మాట్లాడతాడు, బాబాయి పక్క నుంచి దగ్గుతాడు. నేను రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశా. ఊరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఆఖరికి చుక్క కూడా అదే గడిలో అదే చోట పడింది.

ఫోన్ బాబాయికి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వాడు అబద్ధాలు నొక్కుంటాడ్రా" అన్నాడు.