సంగీతానికి అడ్డొచ్చే భాగహారాన్ని రద్దు చేయాలి

గుంటూరులో మిర్చి రేటు తర్వాత అంతటి తీవ్రమైన సమస్య ఒకటుంది, దాన్ని ఏ పార్టీ పట్టించుకోవడం లేదు. ప్రీఆంప్ (పవర్ ఆంప్‌కి పంపేముందు పాట సిగ్నల్‌ని పెంచి, వాల్యూమ్ సర్దే పెట్టె) గుండా వెళ్తే సిగ్నల్ మైలపడుతుందని బ్రాడీపేట పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అందుకే దాన్ని అటకెక్కించి, ఓ రేకు డబ్బాలో ఒక్క వాల్యూమ్ పాట్, అంటే నాబ్ తిప్పితే సౌండు పెంచి తగ్గించే రెసిస్టర్, బిగించి, ఇటు సీడీ ప్లేయర్, అటు స్పీకర్లను మోగించే పవర్ ఆంప్ తగిలించారు. కరెంటు అక్కర్లేదు, కల్తీ లేదు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు లెండి, సీడీ ప్లేయర్ ఇచ్చే 2 వోల్టులు చాలా ఆంపులను ఫుల్లుగా మోగించడానికి సరిపోతాయి. ఫోను తగిలిస్తే మాత్రం ఒక వోల్టు రావడమే గొప్ప, అప్పుడు నాబ్ చివరిదాకా తిప్పి దణ్ణం పెట్టుకోవాలి.

పేచీ అంతా లెక్క దగ్గరే, వోల్టేజీని పాట్ ఎలా భాగిస్తుందన్న భాగహారం దగ్గరే. మా పెద్దలు లక్ష ఓముల పాట్ వేస్తారు. పదివేలది ఎందుకు కాదంటే, లక్ష పెద్దది కదా! వోల్టేజీ సగానికి తగ్గించిన చోట పాట్ తన విలువలో నాలుగో వంతు, అంటే 25 వేల ఓములు, సిగ్నల్ దారిలో కూర్చోబెడుతుంది. అక్కణ్ణుంచి సోఫా వెనకగా 5 మీటర్ల వైరు లాగారనుకోండి, వైరుకుండే కెపాసిటెన్స్ మీటరుకు 100 పికోఫారడ్ల లెక్కన 500 పికోఫారడ్లు తోడయ్యాయి. ఇవి రెండూ కలిస్తే దాదాపు 12,700 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికే పవర్ సగమైపోతుంది, ఆ పైన ఇంకా జారుతుంది. తాళాల మెరుపు పోయిందన్నమాట. పెద్దాయన కళ్ళు మూసుకుని "అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ" అంటారు. అరవై దాటిన చెవికి ఆ పైది ఎటూ సరిగ్గా అందదన్న సంగతి నేను ఎత్తను, ఆయన కాఫీ తాగి వచ్చినవాణ్ణి.

ఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే వచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, పదివేల ఓములే అయితే వినోదం ఇంకా బాగుంటుంది. అంత బరువు మీద పడేసరికి లక్ష ఓముల పాట్ కుంగిపోతుంది. నాబ్ ముప్పావు వంతు తిప్పినా గొణుగుడే, ఆ మిగిలిన కాస్తలోనే సౌండంతా ఒక్కసారి వచ్చి మీద పడుతుంది, ఎదురింటి డాబా మీద అప్పడాలు ఎండబెడుతున్న పిన్నిగారు ఉలిక్కిపడతారు.

ఆంప్ బాగుచేసే కుర్రాడొకడు మీటరు పట్టుకొచ్చి, "పాట్ విలువకి ఆంప్ ఇన్‌పుట్ పది రెట్లుంటే మంచిది సార్. మీ రెండో ఆంప్ లక్ష ఓములది కదా, దానికి పదివేల పాట్ వేసి వైరు అరమీటరుకి కోద్దాం" అన్నాడు. "సంగీతాన్ని మీటరుతో కొలుస్తావుట్రా?" అని గద్దించి పంపేశారు.

సరైన పనే చేశారు. ఆ పాట్ ఓ ప్లేటు మిర్చి బజ్జీల ఖరీదు పెద్ద ఎక్కువుండదు. అంత చవకది బిగించుకుంటే ఇంటికొచ్చిన వియ్యంకుడికి ఏం చూపించాలి, ఎంతకి కొన్నానని చెప్పాలి?