పుట్టిన ఊరు చూసి దొంగని పట్టలేం

అమెరికాలో టెన్నెసీ యూనివర్సిటీ నాక్స్‌విల్ క్యాంపస్‌లో, పన్నెండేళ్ల తేడాతో, ఇద్దరు ఇంజనీరింగ్ ప్రొఫెసర్ల మీద కేసులు పడ్డాయి. ఒకాయన జైలుకెళ్లాడు, ఇంకొకాయన నిర్దోషిగా బయటికొచ్చాడు. యూనివర్సిటీ రీసెర్చ్ మీద విదేశాల కన్ను పడకుండా ఏం చేయాలన్న చర్చ ఎప్పుడొచ్చినా, లావుపాటి రిపోర్టులు పక్కనపెట్టి ఈ రెండు కేసులు చదివితే చాలంటాను.

మొదటాయన జె. రీస్ రాత్, ప్లాస్మా పరిశోధనలో పేరున్న మనిషి. డ్రోన్ రెక్కల మీద గాలి ప్రవాహాన్ని ప్లాస్మాతో అదుపు చేసే అమెరికా ఎయిర్‌ఫోర్స్ ప్రాజెక్టులో పనిచేశాడు. ఆ డేటా విదేశీయుల చేతికి పోకూడదన్నది షరతు. అయినా చైనా, ఇరాన్‌ల నుంచి వచ్చిన ఇద్దరు స్టూడెంట్లని అందులో పెట్టుకున్నాడు, 2006లో లెక్చర్లకని చైనా వెళ్తూ ప్రాజెక్టు ఫైళ్లు వెంట తీసుకెళ్లాడు. ఇది కుదరదని యూనివర్సిటీలోనే ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ (సున్నితమైన టెక్నాలజీ విదేశీయులకి చేరకుండా పెట్టిన రూల్స్) చూసే ఆఫీసర్ హెచ్చరించారు. ఇంకా బేసిక్ రీసెర్చే కదా, రూలు వర్తించదని ఆయన వాదన. 2008లో కోర్టు దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది నాలుగేళ్ల శిక్ష పడింది. పెట్టింది గూఢచర్యం కేసు కూడా కాదు. తన పని తనకి ముఖ్యం, రూలు దానికి అడ్డం, అంతే. ప్రొఫెసర్లలో ఈ జబ్బు మన దగ్గరా తక్కువేం లేదు లెండి.

రెండో ఆయన అన్‌మింగ్ హు. చైనాలో పుట్టి కెనడా పౌరుడైన నానోటెక్నాలజీ ప్రొఫెసర్. 2018 నవంబర్‌లో చైనా గూఢచర్యాన్ని, టెక్నాలజీ దొంగతనాన్ని పట్టుకోవాలని అమెరికా న్యాయశాఖ 'చైనా ఇనిషియేటివ్' మొదలుపెట్టింది, ఆ వేడిలో ఎఫ్‌బీఐ వాళ్లు నెలల తరబడి ఆయన వెనకా, ఆయన కొడుకు వెనకా తిరిగారు. గూఢచర్యం ఏమీ దొరకలేదు. దొరక్కపోతే వదిలేయాలి కదా, వదల్లేదు. బీజింగ్‌లోని ఒక యూనివర్సిటీతో ఉన్న సంబంధం నాసాకి చెప్పకుండా గ్రాంటు తీసుకున్నాడని 2020లో ఫ్రాడ్ కేసు పెట్టి అరెస్టు చేశారు. తప్పుడు సమాచారం వాడినట్టు ఎఫ్‌బీఐ ఏజెంటే కోర్టులో ఒప్పుకున్నాడు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక చేతులెత్తేసింది, 2021 సెప్టెంబర్‌లో జడ్జి కేసు కొట్టేశారు. ఈలోగా ఉద్యోగం ఊడింది, ఏడాదికి పైగా హౌస్ అరెస్టు. 2022లో యూనివర్సిటీ మళ్లీ పిలిచి ఉద్యోగం ఇచ్చింది, సరే, ఆ రెండేళ్లు ఎవరిస్తారు?

రాత్‌ దగ్గర, ఏ సమాచారం ఎవరికి చేరకూడదో ముందే రాసిపెట్టి ఉంది, అది చెప్పడానికి క్యాంపస్‌లో ఒక మనిషి ఉంది. హు దగ్గర ముందు మనిషిని ఎంచుకున్నారు, తర్వాత నేరం వెతికారు. ఎంఐటీలో గాంగ్ చెన్ మీద 2021లో పెట్టిన కేసు కూడా ఏడాదికే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చివరికి 2022 ఫిబ్రవరిలో చైనా ఇనిషియేటివ్‌నే ఆపేశారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

ఎలుకలు లేవని మాత్రం అనను. హార్వర్డ్‌లో కెమిస్ట్రీ విభాగానికి పెద్దగా ఉన్న చార్లెస్ లీబర్, ఉహాన్‌లోని యూనివర్సిటీతో, విదేశాల్లోని శాస్త్రవేత్తల్ని రప్పించుకునే చైనా 'థౌజండ్ టాలెంట్స్' పథకంతో ఉన్న ఒప్పందం గురించి దర్యాప్తు అధికారులకి అబద్ధాలు చెప్పాడు, వచ్చిన డబ్బు పన్ను లెక్కల్లో చూపలేదు. 2021 డిసెంబర్‌లో దోషిగా తేలాడు. ఆయన అమెరికాలో పుట్టిన మనిషే, పుట్టిన చోటుని బట్టి జల్లెడ పడితే ఈయన హాయిగా కిందికి జారిపోతాడు. ఇంకోటి, 2018లో అమెరికా తొమ్మిదిమంది ఇరానీయుల మీద పెట్టిన హ్యాకింగ్ కేసు. వాళ్లు గురిపెట్టింది 144 అమెరికా యూనివర్సిటీలు, బయట 21 దేశాల్లో మరో 176. పద్ధతి చూడండి: 'మీ పేపర్ చదివాను, చాలా బాగుంది' అని ఇంకో ప్రొఫెసర్ పేరుతో మెయిల్, కింద ఒక లింకు, నొక్కితే అచ్చం మీ యూనివర్సిటీది లాంటి లాగిన్ పేజీ. పొగడ్తకి పడని ప్రొఫెసర్ ఎవరు చెప్పండి! ఎనిమిది వేల దాకా అకౌంట్లు వాళ్ల చేతికి చిక్కాయి. దీనికి ఎఫ్‌బీఐ నిఘా కంటే రెండంచెల పాస్‌వర్డు ఎక్కువ పనికొస్తుంది.

అనుమానం అటువైపు నుంచి ఎలా ఉంటుందో మనకీ తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వీసీగా చేసి, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరైన గోవర్ధన్ మెహతాకి 2006లో చెన్నై కాన్సులేట్‌లో వీసా ఇవ్వలేదు, ఆయన కెమిస్ట్రీ రసాయన ఆయుధాలకి పనికొస్తుందేమోనని. గొడవ పెద్దదయ్యాక అమెరికా ఎంబసీ విచారం వెలిబుచ్చింది. ఆయనది పెద్ద పేరు కాబట్టి పేపర్లలో వచ్చింది. స్టాంపింగ్‌కి వెళ్లి 221(జి) స్లిప్పుతో, అంటే వీసా ఇంకా పరిశీలనలో ఉందన్న కాగితంతో, బయటికొచ్చి, పబ్లికేషన్ల లిస్టు, రీసెర్చ్ వివరాలు మెయిల్ చేసి, సెమిస్టర్ మొదలైపోతుంటే స్టేటస్ పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చునే మన పీహెచ్‌డీ పిల్లల టెన్షన్ ఏ పేపర్లోనూ రాదు.

మరి మనం చేసిందేమిటి? 2021 జనవరిలో కేంద్రం ఒక నిబంధన పెట్టింది, దేశ భద్రతకి, అంతర్గత విషయాలకి సంబంధించిన అంతర్జాతీయ ఆన్‌లైన్ సదస్సులకి ముందే అనుమతి తీసుకోవాలని. ఏది అంతర్గత విషయమో ఎవరికీ అర్థం కాలేదు, సైన్స్ అకాడమీలు అభ్యంతరం చెప్పాయి, వచ్చే నెలకల్లా వెనక్కి తీసుకున్నారు. నలుగురూ వినే జూమ్ మీటింగుకి అనుమతి అడిగారు గానీ, రహస్యం పోయేది అక్కడ కాదు కదా.

అసలు పనికొచ్చే రూలు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. స్కోమెట్ అని, కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ వాళ్ల జాబితా, అనుమతి లేకుండా ఎగుమతి చేయకూడని సున్నితమైన వస్తువులు, టెక్నాలజీలది. అందులో ఉన్న టెక్నాలజీ డ్రాయింగుని విదేశానికి మెయిల్ చేసినా ఎగుమతి కిందే లెక్క, ఓడ ఎక్కించక్కర్లేదు. మెటీరియల్స్ ల్యాబుల్లో, డ్రోన్ ల్యాబుల్లో పనిచేసే మీ స్నేహితుల్ని అడగండి, ఈ పేరు విన్నారేమో. రేపు ఒక పీహెచ్‌డీ అమ్మాయికి బయటి దేశం నుంచి 'రా డేటా పంపగలరా' అని మెయిల్ వస్తే తను ఎవర్ని అడగాలి? గైడుకి తెలియకపోవచ్చు, రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే భయపడి వద్దనేస్తారు, వద్దనడం వాళ్లకి సులువు. ప్రతి ఐఐటీలో, సెంట్రల్ యూనివర్సిటీలో ఈ జాబితా చదివిన మనిషి ఒకరు, ఫలానా రోజులోపు రాతపూర్వకంగా జవాబిచ్చే బాధ్యతతో కూర్చుంటే సగం గొడవ తీరుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. యూజీసీకి సర్క్యులర్ పంపే సరదా ఉంటే దీని మీద పంపొచ్చు.