ఈ 'ఆటో' వోల్టేజీ ఎవరి మేలు కోసం?

రైజెన్ 3 1200 డబ్బున్నవాళ్ల కంప్యూటర్ ప్రాసెసర్ కాదు. 2017లో వచ్చింది. నాలుగు కోర్లు, 65 వాట్లు, బేస్ క్లాక్ (మామూలు స్పీడు) 3.1 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌కి తాళం లేదు, అంటే స్పీడు మనమే పెంచుకోవచ్చు కాబట్టే మాలాంటివాళ్లం కొన్నాం. తీరా స్పీడు 3.8 గిగాహెర్ట్జ్‌కి పెంచుదామని మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్తే, 'ఆటో'లో, అంటే బోర్డే నిర్ణయించేలా ఉన్న వోల్టేజీని మదర్‌బోర్డు ఏకంగా 1.44 వోల్టులకి ఎక్కించేస్తుంది! నా చిప్పుకి అదే స్పీడుకి 1.28 చాలు.

చూడ్డానికి చిన్న తేడాయే. కానీ వేడి పెరిగేది వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి. అంటే అదే స్పీడుకి పావు వంతుకు పైగా అదనపు వేడి. అదంతా ఎవరు మోయాలి? ప్రాసెసర్‌తో పాటు వచ్చిన ఆ చిన్న అల్యూమినియం కూలరా? మే నెల విజయవాడలో, ఏసీ లేని గదిలో? ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపిస్తోంది. బోర్డులో ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎమ్ మీద వేడి లాగే హీట్‌సింక్ ముక్క కూడా లేదు, చెయ్యి దగ్గర పెడితే సెగ కొడుతుంది. బోర్డు డబ్బా మీద మాత్రం ఓవర్‌క్లాకింగ్ (ఇలా స్పీడు పెంచుకోవడం) గురించి ఇంతింత అక్షరాలు.

అన్ని చిప్పులూ ఒకలా ఉండవు, నిజమే. వోల్టేజీ తగ్గితే సిస్టమ్ క్రాష్ అవుతుంది, తిట్లు బోర్డు చేసినవాళ్లకి పడతాయి. అందుకని అందరి నెత్తినా ఎక్కువ వోల్టేజీ రుద్దేస్తారా? క్రాష్ అయితే రీస్టార్ట్ చేసుకుంటాం. ఏళ్ల తరబడి ఆ వేడికి చిప్పు దెబ్బతింటే కొత్తది ఎవరు కొనిస్తారు? ఓవర్‌క్లాక్ చేస్తే వారంటీ కూడా వర్తించదాయె!

'ఆటో' పక్కనే ఎంత ఇవ్వబోతోందో ఆ అంకె చూపించండి. మరీ ఎక్కువైతే ఎర్రరంగులో చూపించండి. అంతకన్నా ఏం అడిగాం?