తల మీద పెట్టిన చెయ్యి ఎవరిది?

ఊదారంగు చొక్కా, మెడలో శిలువ, చేతిలో కాపరి కర్ర. ఫ్లెక్సీ మీద ఇలాంటి ఫొటో కనిపిస్తే ఆయన ఆర్‌సీఎమ్మో (రోమన్ కేథలిక్), సీఎస్ఐయో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మొన్నీమధ్య సొంతంగా సంఘం పెట్టుకున్నాయనో చెప్పడం బయటివాళ్లకు కష్టం. వేషం కేథలిక్కుల్లా ఉంటే నమ్మకమూ అటువైపే అనుకుంటాం. నా దృష్టిలో అది తప్పు లెక్క. ఈయన తల మీద చేతులుంచి అభిషేకించింది ఎవరు? ఆ చెయ్యి పడకపోతే సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వకూడదా? అడగాల్సింది ఈ రెండే.

కేథలిక్కుల జవాబు సూటిగా ఉంటుంది. అపొస్తలుల నుంచి తెగకుండా వస్తున్న వరుసలోని బిషప్పు హస్తనిక్షేపణ చేస్తేనే ఫాదర్, ఆ ఫాదర్ ఉంటేనే పూజ. ఆ వరుస మాకూ ఉందని ఆంగ్లికన్లు (ఇంగ్లండు చర్చి వాళ్లు) అంటారు. 1896లో పోప్ 13వ లియో అది చెల్లదని తేల్చేశారు. అచ్చం కేథలిక్కుల్లా కనిపించేవాళ్ల సంగతే ఇలా ఉంది.

మెథడిస్టుల బిషప్పుల కథ వేరు. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ బిషప్పు కాడు, ఆంగ్లికన్ ప్రీస్టు మాత్రమే. 1784లో థామస్ కోక్ తల మీద చేతులుంచి, సూపరింటెండెంట్ అని పేరుపెట్టి అమెరికా పంపాడు. అక్కడివాళ్లు కొన్నేళ్లకే ఆ మాట తీసేసి బిషప్ అనుకున్నారు. వెస్లీ నొచ్చుకున్నాడు, కానీ పేరు నిలిచిపోయింది. బ్రిటన్ మెథడిస్టులు అదీ పెట్టుకోలేదు. మెదక్‌కు వచ్చింది వాళ్లే. మిషనరీ పాస్నెట్ దొర అక్కడ కట్టించిన చర్చిని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. ఇప్పుడు దాన్ని మెదక్ కెథడ్రల్ అంటాం. కెథడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉన్న గుడి. అంత పెద్ద గుడి లేచిన 23 ఏళ్లకు గానీ అక్కడికి బిషప్పు రాలేదు!

ఆ బిషప్పును తెచ్చింది 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టిన సీఎస్ఐ. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులో కలిశాయి. బిరుదులు చూస్తే బేరం ఎలా కుదిరిందో తెలుస్తుంది. బిషప్ అన్న బిరుదు ఆంగ్లికన్ల నుంచి వచ్చింది. అందరికీ పెద్దయిన బిషప్పును ఆర్చిబిషప్ అనకుండా ప్రెస్బిటేరియన్ల మాటతో మోడరేటర్ అన్నారు. ప్రీస్ట్ బదులు ప్రెస్బిటర్ (సంఘ పెద్ద) అని రాసుకున్నారు. బలి అర్పించే యాజకుడు అనే అర్థం రాకూడదని కొందరి పట్టుదల. (జనం మాత్రం వీటన్నిటినీ పక్కనపెట్టి అయ్యగారు అంటారు. ఆయన భార్య అమ్మగారు.)

అసలు చిక్కు పాత పాస్టర్ల దగ్గర వచ్చింది. బిషప్పు చెయ్యి పడని వాళ్లను మళ్లీ అభిషేకించాలా? అక్కర్లేదన్నారు. ఇకమీదట మాత్రం ప్రతి అభిషేకమూ బిషప్పు చేతే జరగాలన్నారు. నాకు ఇది తెలివైన రాజీ అనిపిస్తుంది. పాతవాళ్ల సేవను ఎవరూ తక్కువ చేయలేదు, ఒక తరం గడిచేసరికి తేడా దానంతటదే చెరిగిపోయింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామందికి ఇది నచ్చలేదు. వాళ్లు బయటే ఉండిపోయారు.

బాప్టిస్టులకు ఈ తలనొప్పి లేదు. పాస్టరుకు అధికారం స్థానిక సంఘం పిలుపుతో వస్తుంది, పై నుంచి దిగి రాదు. హైదరాబాద్ హెబ్రోనులో భక్త సింగ్ గారు ఇంకా ముందుకెళ్లారు. రెవరెండ్ లేదు, పాస్టరూ లేదు. ఆయన కూడా బ్రదరే. రొట్టె విరవడానికి అభిషిక్తుడు అక్కర్లేదు. విశ్వాసులందరూ యాజకులేనన్న లూథర్ మాటను ఇంత అక్షరాలా పాటించిన వాళ్లు లూథరన్లలోనూ కనిపించరు. లూథరన్లదే అయిన గుంటూరు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) కూడా బిషప్పు అన్న బిరుదు పెట్టుకుంది.

నంద్యాల చాలా ఏళ్లకు సీఎస్ఐలో చేరింది. 2013లో ఆ డయోసిస్‌కే (బిషప్పు పరిధిలోని ప్రాంతం) పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్పు ఆమే. అభిషేకం చేసే చెయ్యి సరైనదేనా అని ఒకప్పుడు బయట నిలబడిన చోట, 2013లో ఆ చెయ్యి ఒక స్త్రీది అయింది.