గెస్ట్ రూంలో జెముడు దొరగారు

అక్టోబరు రెండో వారం, రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్‌లో వాతావరణం చూసి మా ఆయన ముఖం పాలిపోయింది. "తెల్లారేసరికి 34కి పడిపోతుందట" అన్నారు. ఫారన్‌హీటే లెండి, అంటే దాదాపు నీళ్ళు గడ్డకట్టే చలి. బాబుకి 103 జ్వరం వచ్చిన రాత్రి "టైలనాల్ వెయ్యి, తగ్గిపోతుంది" అని అటు తిరిగి పడుకున్న మనిషి, ఇప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తారు. వెనకాలే కేక: "ఇదిగో, ఒకసారి వచ్చి పట్టు!"

పట్టాల్సినవి ఆరు కుండీలు. ఒక్కోటీ పదిహేను గ్యాలన్లది. ఒక్కోదాని మధ్యలో నిలువెత్తు చెక్క స్తంభం, దాన్ని చుట్టుకుని మూడంచుల పచ్చటి ముళ్ళ చేతులు. అవే డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు. షికాగో పక్కన మా నేపర్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఈ తంతు గురించి చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది. అక్కడా లేకపోతే అరోరా బాలాజీ గుడిలో పులిహోర తింటుండగా ఎవరో ఒకాయన ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తాడు. మనవడి ఫొటోలనుకుని ముందుకు వంగుతాం. తీరా చూస్తే ముళ్ళు.

ఈ దొరగారి పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ చెట్లెక్కి పాకుతుంది. ఫ్రెంచివాళ్ళు వియత్నాం తీసుకెళితే అక్కడ పెద్ద పంటే అయింది. మన సంగారెడ్డి వైపు రైతులు సిమెంటు స్తంభాలు పాతి పెంచుతున్నారు. ఎండ మరీ ఎక్కువై కొమ్మలు మాడుతుంటే షేడ్ నెట్లు కడుతున్నారని మా తమ్ముడు చెప్పాడు. గుజరాత్ ప్రభుత్వం 2021లో దీనికి కమలం అని నామకరణం కూడా చేసింది. అవన్నీ బాగానే ఉన్నాయి. కానీ 2019 జనవరిలో షికాగోలో మైనస్ 23 ఫారన్‌హీట్ నమోదైంది. బయట మనిషి చెవులే నిలవని ఊళ్ళో ఈ ఉష్ణమండలపు మొక్కకేం పని?

మే నెలలో మదర్స్ డే దాటేదాకా ఇక్కడ బుద్ధున్నవాడెవడూ కుండీ బయట పెట్టడు. అక్టోబరు మధ్యకల్లా మళ్ళీ లోపలికి. అంటే ఏడాదిలో ఐదు నెలలు అది మొక్క, ఏడు నెలలు చుట్టం. అలాంటిలాంటి చుట్టం కాదు. చలికాలంలో నీళ్ళెక్కువైతే కుళ్ళుతుంది. వెలుతురు తక్కువైతే కొమ్మ సన్నబడి తోకలా సాగుతుంది. అందుకని గెస్ట్ రూంలో గ్రో లైట్లు. రాత్రిపూట ఆ కిటికీలోంచి వచ్చే ఊదా రంగు వెలుగు చూసి, కుక్కని తిప్పుకునే ఎదురింటాయన మేం గంజాయి పెంచుతున్నామని తేల్చుకున్నాడు. అప్పట్నుంచి కొంచెం గౌరవంగా పలకరిస్తున్నాడు కూడా.

మొన్న వేసవిలో మా అత్తయ్యగారు వచ్చారు. కుండీల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఒరే, ఇది జెముడు కదరా! మనూళ్ళో మేకలు రాకుండా చేలగట్ల మీద పెడతాం. దీన్ని ఇంట్లోకి తెచ్చుకున్నావేంట్రా?" అన్నారు. పాతికేళ్ళ కాపురంలో అత్తయ్యగారూ నేనూ ఒక్క మాట మీదున్న రోజు అదొక్కటే.

ఇక పువ్వు సంగతి. మూడేళ్ళు పెంచాక, పోయిన ఆగస్టులో మొదటి మొగ్గ వచ్చింది. ఆ పువ్వు ఒక్క రాత్రే విచ్చుకుంటుంది, తెల్లారాక వాడిపోతుంది. పైగా మా ఆయన కొన్న రకానికి తన పుప్పొడి తనకే పనికిరాదట, వేరే రకానిది కావాలట. సగోత్రం కుదరదన్నమాట. ఉన్న ఆరు కుండీలూ ఒకే తల్లి కొమ్మలు. షాంబర్గ్‌లో ఉండే స్నేహితుడింట్లో వేరే గోత్రం ఉంది గానీ, అది నాలుగు రోజుల ముందే పూసేసింది. ఆయన ఆ పుప్పొడిని చిన్న స్టీలు డబ్బాలో దులిపి ఫ్రీజర్‌లో దాచాడు. ముహూర్తం రోజు ఐస్‌బాక్సులో పెట్టుకుని, హజార్డ్ లైట్లు వేసుకుని వచ్చాడు. హైదరాబాద్‌లో గుండె తరలించడానికి గ్రీన్ ఛానెల్ ఇస్తారే, అదొక్కటే తక్కువ.

ఐదు కుటుంబాలు దిగాయి. గురువారం రాత్రి అందరికీ మర్నాడు ఆఫీసు. రెండు ట్రేల సమోసాలు, మూడు విడతల టీ (పెట్టింది ఎవరో చెప్పక్కర్లేదుగా). పువ్వు పుట్టినచోట గబ్బిలాలు, పెద్ద పెద్ద రెక్కల పురుగులు చేసే పని ఇది. మా పెరట్లో ఆ ఉద్యోగానికి దోమలు తప్ప ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. పదకొండు దాటాక పెళ్ళికూతురు పూర్తిగా విచ్చుకుంది. పెళ్ళికొడుకు ఫ్రీజర్ డబ్బాలోంచి దిగాడు. నా ఐషాడో బ్రష్, పండక్కి కొన్న కొత్తది, మా ఆయన చేతిలో ఉంది. ఒకాయన టార్చి పట్టాడు, ఒకావిడ లైవ్ పెట్టింది, ఇంకొకాయన "మాంగల్యం తంతునానేన" అందుకున్నాడు. బ్రష్ తగలగానే చప్పట్లు. సోఫాల మీద పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిద్ర. పొద్దున ఎనిమిదింటికి చూస్తే ఆ పువ్వు పిండేసిన తుడుపుగుడ్డలా వేలాడుతోంది.

ముప్పై ఆరు రోజుల తర్వాత కాయ కోశాం. పిడికిలంతుంది. అవే ఐదు కుటుంబాలు, పద్నాలుగు ముక్కలు, ఒక్కొక్కరూ ప్రసాదంలా కుడిచేత్తో అందుకున్నారు. సబ్జా గింజలేసి పంచదార మరిచిపోయిన షర్బత్ ఎలా ఉంటుందో అలా ఉంది. "అబ్బ! కొన్నవాటికి ఈ రుచి రాదండీ" అన్నారందరూ. కొన్నవి మా వీధి చివర ఇండియన్ స్టోర్లో ఐదు డాలర్లకు రెండొస్తాయి. కుండీలు, స్తంభాలు, పెర్లైటు, లైట్లు కలిపి మా కార్డు మీద పడింది 640.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. డబ్బు పోతే పోనీ, బ్రష్ పోతే పోనీ.

పోయిన నవంబరులో ఆఫీసు పని మీద నాలుగు రోజులు డల్లాస్ వెళ్ళాను. గెస్ట్ రూంలో ఆరో కుండీకి చోటు చాలలేదని, వంటింటి కిటికీ దగ్గరున్న నా కరివేపాకు చెట్టుని తీసి, అక్కడ దొరగారిని నిలబెట్టారు. చెట్టుని గరాజ్‌లో పెట్టారు. ఆ వారం రాత్రుళ్ళు ఫారన్‌హీట్‌లో ఇరవైలలోకి, అంటే గడ్డకట్టే చలిలోకి పడ్డాయి. నేనొచ్చేసరికి ఆకులన్నీ నల్లబడి నేల మీదున్నాయి. కొమ్మ గోటితో గీరి చూశాను, లోపల పచ్చదనం లేదు. మొదలు దాకా గీరాను.

పదకొండేళ్ళ చెట్టండీ అది. గుడిలో ఒక పెద్దావిడ పెరుగు కప్పులో పెట్టిచ్చిన పిలక. మా వీధిలో సగం పోపులు దాని ఆకుతోనే వేగాయి. దానికెవరూ లైట్లు పెట్టలేదు, లైవ్ పెట్టలేదు. అడిగినప్పుడల్లా ఇచ్చింది. కూరలో కరివేపాకులా తీసిపారేశారు అని ఊరికే సామెత వాడేస్తాం, సిగ్గులేకుండా. మా ఇంట్లో ఆ సామెతను అక్షరాలా చేసి చూపించారు. పైగా "చెట్టే కదా, మళ్ళీ చిగురేస్తుందిలే" అన్న ఓదార్పు! చచ్చింది చిగురెయ్యదు. జూన్ దాకా నీళ్ళు పోశాను, వెయ్యలేదు.

నేనిది రాస్తుంటే మా ఆయన వంటింట్లో టేపు పట్టుకుని కిటికీ వెడల్పు కొలుస్తున్నారు. కొత్త కొమ్మలు ఆర్డర్ పెట్టారట. ఈసారి పసుపు రంగు రకం. దాని కాయకి కూడా ముళ్ళుంటాయట.