ఇంటిపేరుతో పొంతన చూశారా?

పెళ్లికి జాతకాలు చూసేటప్పుడు 36 గుణాల్లో 18 అయినా కలవాలంటారు. కలవకపోతే ఇంకో సంబంధం చూస్తారు. ఇంటిపేరుకూ బిడ్డ పేరుకూ ఆ వెసులుబాటు లేదు. పదో తరగతి మెమో నుంచి పెన్షన్ కాగితం దాకా రెండూ ఒకే గీత మీద కాపురం చెయ్యాలి. అయినా ఈ జంటకు పొంతన చూసే సిద్ధాంతి ఇంతవరకు పుట్టలేదు.

ఉన్న సిద్ధాంతి గారి పని నక్షత్రంతో సరి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, వెరసి 108 అక్షరాలు. హస్త మూడో పాదమైతే 'ణ' అని చెప్పి దక్షిణ తీసుకుని వెళ్తారు. ణ తో తెలుగులో పేరేముంటుంది? తల్లిదండ్రులు ఫోను తెరుస్తారు. అక్కడ 'అంశ్' పేర్లు బారులు తీరి ఉంటాయి. ఆ హడావుడిలో ఇంటిపేరు ఎవరికి గుర్తు? 21వ రోజున బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి, బంగారపు ఉంగరంతో 'అంశ్' అని రాస్తారు. ఇంటిపేరు చిల్లర. మాస్టారు హాజరు పిలిచిన రోజుగాని తెలియదు, తాము పెంచుతున్నది చిల్లర అంశమని.

అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. మేకల, పాముల, ఆవుల వంటి ఇంటిపేర్లు షష్ఠీ విభక్తి పని చేస్తాయి. వెనక ఏ పేరు తగిలిస్తే అది వాటి సొత్తు. ఆవుల గోపాల్ అంటే చేతులెత్తి మొక్కుతారు. పాముల నివాస్ అంటే పుట్టలో పాలు పోస్తారు. నల్ల, ఎర్ర లాంటివి విశేషణాలు కాబట్టి నల్ల శ్వేత, ఎర్ర నీలిమ జీవితాంతం రంగు తేల్చుకోలేరు. ఉకారాంతాలది సంధి బాధ. పెరుగు వారు అన్నపూర్ణ అని పెడితే ఉత్వసంధి ఆగదు, పెరుగన్నం తయారు. పప్పు వారి చారులతకు సంధి కూడా అక్కర్లేదు, పోపు పెట్టి దించుకోవడమే.

ఇనీషియల్‌తో కప్పేస్తాం అంటారు కొందరు. ఎ. మోహన్‌ని గబగబా చదివి చూడండి. ఎవరని అడిగితే 'ఏమో' అన్నట్టుంటుంది. పైగా పాస్‌పోర్టులో పొడి అక్షరాలు చెల్లవు, ఇంటిపేరు విప్పి రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగి, పేరు చోట తెలియదన్న అర్థంలో 'ఎఫ్ఎన్‌యూ' వచ్చి కూర్చుంటుంది. విప్పి రాస్తే సముద్రం దాటగానే వరస తిరగబడుతుంది. చారులత పప్పు కాస్త తేరుకుంటుంది గాని, అన్నపూర్ణ పెరుగు పాల కేంద్రంలో ప్యాకెట్టవుతుంది. గుండు కేశవ్ ఇక్కడ ఎలాగో నెట్టుకొచ్చాడు. అక్కడ కేశవ్ గుండు అంటే కొండకెళ్లొచ్చిన వార్తే. శ్వేత నల్లా అంటే తెలంగాణవాళ్లు బిందె పట్టుకొస్తారు.

తొందరేం లేదు. 21 రోజుల్లో నమోదు చేయించాల్సింది జననాన్ని, పేరును కాదు. నమోదైన 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా గడువుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ, ఓటుకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ, పెళ్లి నమోదుకూ ఆ జనన పత్రమే ఆధారం గనక ఆ ఉచిత 12 నెలలనూ పరీక్షలకు వాడుకోండి. గేటు దగ్గర కొరియర్ కుర్రాడిలా అరవండి. ఆస్పత్రి కాంపౌండరులా విసుగ్గా పిలవండి. శుభలేఖలో చి.ల.సౌ. తగిలించి చదవండి. చదువుతున్నంతసేపూ పిల్ల మేనమామ మొహం చూడండి. బావగారి ఇంటిపేరు మీద నవ్వే అవకాశం ఆయన వదులుకోడు.

ఆడపిల్లకైతే ఈ పరీక్ష రెండోసారీ రావచ్చు. మృదుల అని ముచ్చటపడి పెట్టుకుంటే సంబంధం బండ వారిది కుదురుతుంది. చీకటి వారి జ్యోతికి దీపాల వారి అబ్బాయి దొరికితే మాత్రం, గుణాలు 18 కి తగ్గినా సరే, ముహూర్తం పెట్టించెయ్యండి.