బతికించి వదిలేస్తారా?

హెచ్‌ఐవీ ఉన్న మహిళ, ఆ వైరస్‌ను అదుపులో ఉంచే మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి ఏళ్ల తరబడి తేదీ తప్పకుండా వస్తుంది. బరువు చూస్తారు, రక్తం తీస్తారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) రాసుకుంటారు, మాత్రలు చేతిలో పెట్టి పంపిస్తారు. గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావమ్మా అని మాత్రం చాలాచోట్ల ఎవరూ అడగరు. రికార్డులో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒంట్లో ఇంకో వైరస్ తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఆ రెండోది హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. సర్వైకల్ (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్ కేసుల్లో దాదాపు 99 శాతానికి ఇదే మూలం. లైంగిక జీవితం ఉన్న వాళ్లలో ఎక్కువ మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. చాలామందిలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని ఏడాది, రెండేళ్లలో తరిమేస్తుంది. హెచ్‌ఐవీ దెబ్బకొట్టేది సరిగ్గా ఆ శక్తినే. రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 తెల్లరక్త కణాలు తగ్గినచోట హెచ్‌పీవీ తిష్ఠ వేసుకుని, ముఖద్వారం కణాలను మార్చేస్తుంది. మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పట్టే క్యాన్సర్, చికిత్స అందని హెచ్‌ఐవీ మహిళల్లో 5 నుంచి 10 ఏళ్లలోనే రావచ్చు. మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ఈ ముప్పు, లేనివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లు. క్యాన్సర్‌కు ముందు దశలోనే పట్టుకుని చికిత్స చేసినా తిరగబెట్టే అవకాశం వీళ్లలోనే ఎక్కువ. పైగా హెచ్‌పీవీ ఉన్న మహిళకు హెచ్‌ఐవీ తేలిగ్గా సోకుతుంది. ఒకదానికొకటి తలుపు తీసే వైరస్‌లివి.

ఇదంతా నిన్నమొన్న తెలిసింది కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1993లోనే ఈ క్యాన్సర్‌ను ఎయిడ్స్‌ను సూచించే జబ్బుల్లో చేర్చింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మిగతా మహిళల్లా 30 ఏళ్ల దాకా ఆగకుండా 25 నుంచే పరీక్షలు మొదలుపెట్టాలని, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో స్పష్టంగా చెప్పింది. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు నమూనాను ఆమే స్వయంగా తీసుకోవచ్చు. తొలి మార్పులు కనిపిస్తే చాలామందికి అక్కడికక్కడే, నిమిషాల్లో, వేడితో ఆ కణాలను నాశనం చేయవచ్చు.

నిధులు లేవంటారు, సిబ్బంది మీద భారమంటారు, ఏఆర్‌టీతో ముప్పు తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, త్వరగా మొదలుపెడితే ఇంకా తగ్గుతుంది. కానీ పోదు. మందులు ఇస్తున్నాం కాబట్టి పరీక్ష అక్కర్లేదనేవాళ్లు తమ ఇంట్లో ఆడవాళ్లకూ అదే మాట చెప్పగలరా?

మాకు మండుతున్నది ఈ లెక్కల దగ్గరే. వైరల్ లోడ్ అదుపులో ఉన్న ప్రతి మహిళనూ కార్యక్రమం విజయంగా చూపిస్తారు. ఆమె 45 ఏళ్లకు సర్వైకల్ క్యాన్సర్‌తో చనిపోతే ఆ మరణం వేరే విభాగం ఖాతాలోకి పోతుంది. ప్రాణం కాపాడిన పేరు ఒకరికి, పోయిన ప్రాణం ఇంకొకరి ఖాతాకి. 2022లో ప్రపంచంలో దాదాపు 3.5 లక్షల మంది ఈ క్యాన్సర్‌కు బలయ్యారు. వాళ్లలో ఎంతమంది అప్పటిదాకా ఎవరో ఒకరి విజయాల పట్టికలో ఉన్నారో ఎవరు చెబుతారు?

హెచ్‌పీవీ టీకా విషయంలోనూ అదే జరుగుతుందేమోనని మా భయం. ఒక్క డోసు చాలన్న వెసులుబాటు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వచ్చాక చాలా దేశాలు ఆ దారి పట్టాయి. మంచిదే, ఎక్కువ మంది బాలికలకు అందుతుంది. కానీ హెచ్‌ఐవీ ఉన్న బాలికకు కనీసం రెండు, వీలైతే మూడు డోసులు కావాలి. ఒక్క డోసు వేసి ఆమె పేరు పక్కన టిక్కు పెట్టేస్తే మళ్లీ అదే కథ. కాగితం మీద పని పూర్తయినట్టు ఉంటుంది, ఆమెకు కావలసిన రక్షణ అంది ఉండదు.

2030 కల్లా 70 శాతం మహిళలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి పరీక్ష చేయాలన్న లక్ష్యానికి 2020లో దేశాలన్నీ తలూపాయి. ఇంటింటికీ తిరిగి వెతకాల్సిన పని లేకుండా, చెప్పిన తేదీకి తనే నడిచొచ్చే మహిళకే పరీక్ష చేయలేని యంత్రాంగం మిగతావాళ్లను ఎలా చేరుతుంది? ఆమె మళ్లీ ఎప్పుడొస్తుందో మీ రిజిస్టర్‌లోనే ఉంది. ఆ రోజు కూడా మాత్రలిచ్చి పంపించేస్తే, రేపు ముదిరిన క్యాన్సర్‌తో వచ్చినప్పుడు 'ఆలస్యంగా వచ్చింది' అని ఆమె కేస్ షీట్‌లో రాయకండి.